తొలినాటి మెథడిస్టు కీర్తనను చదవడం ఎలా: యాకోబు పెనుగులాట కీర్తన ఆధారంగా

పద్దెనిమిదవ శతాబ్దపు ఇంగ్లాండులో అన్న జాన్‌తో కలిసి మెథడిస్టు అనే క్రైస్తవ ఉజ్జీవ ఉద్యమాన్ని నడిపించిన చార్లెస్ వెస్లీ రాసిన కీర్తనలు ఈనాడు మనకు చాలావరకు పాటల పుస్తకంలో నాలుగైదు చరణాల రూపంలోనే కనిపిస్తాయి. రాగం తెలిస్తే పాడతాము, తెలియకపోతే పేజీ తిప్పేస్తాము. ఆ కీర్తనలను మొదట పాడినవారి పరిస్థితి అలాంటిది కాదు. వారిలో చాలామంది తెల్లవారుజామున ఐదు గంటలకే ప్రసంగం విని పనికి వెళ్లినవారు, వారానికొకసారి పదిమంది ఎదుట తమ ఆత్మ స్థితిని గురించి జవాబు చెప్పుకున్నవారు, ఆ ప్రసంగంలో విన్న మాటనే, ఆ కూటంలో ఒప్పుకున్న మాటనే మళ్లీ కీర్తనలో నోరారా పలికినవారు. కీర్తన, ప్రసంగం, కూటం అనే మూడూ వారికి ఒకే పని. అందుచేత కీర్తనను ఒక్కదాన్నే విడదీసి చదివితే అందులో సగమే మన చేతికి వస్తుంది. మిగిలిన సగాన్ని కూడా అందుకోవాలనుకునేవారి కోసం, ఒక కీర్తనను మొదటి నుండి చివరి వరకు ఏ క్రమంలో చదవాలో ఇక్కడ వివరిస్తున్నాను. ఉదాహరణగా, 1742లో అచ్చయి ‘యాకోబు పెనుగులాట’ అనే పేరుతో ప్రసిద్ధి పొందిన ‘కమ్, ఓ దౌ ట్రావెలర్ అన్‌నోన్’ అనే కీర్తనను తీసుకుంటున్నాను. చార్లెస్ మరణించిన 1788వ సంవత్సరంలో ఆయనను స్మరిస్తూ అన్న జాన్ వెస్లీ ఒక మాట రాశారు: ఈ ఒక్క పద్యం తాను రాసిన పద్యాలన్నిటికీ సాటి అని ఐజక్ వాట్స్ చెప్పారట. వాట్స్ తానే గొప్ప కీర్తనకారుడు కాబట్టి ఆ మాటకు విలువ ఉంది.

పూర్తి పాఠాన్ని సంపాదించడం

మొదట చేయవలసిన పని కీర్తన పూర్తి పాఠాన్ని, అది మొదట అచ్చయిన రూపంలో, ముందు పెట్టుకోవడం. ఈ పని చిన్నదిగా కనిపిస్తుంది గాని, దీన్ని దాటవేస్తే తరువాతి పనులన్నీ పక్కదారి పడతాయి. ‘ఓ ఫర్ ఎ థౌజండ్ టంగ్స్ టు సింగ్’ అనే కీర్తనను చార్లెస్ 1739లో, తన మారుమనస్సుకు ఏడాది నిండిన సందర్భంగా రాశారు. అది పద్దెనిమిది చరణాల కీర్తన. మనం మొదటి చరణంగా పాడేది నిజానికి అందులో ఏడవది. మొదటి ఆరు చరణాలలో ఆయన దేవునికి స్తోత్రం చెల్లించి, ఆ రోజు తనకు ఏమి జరిగిందో చెప్పి, ఆ తరువాతనే వేయి నాలుకలు కావాలని కోరుకుంటారు. కారణం తీసివేసి కోరికను మాత్రం ఉంచితే, అది అందమైన ఆరంభం అవుతుంది గాని సాక్ష్యం కాదు.

మాటలు మారిన సందర్భాలు కూడా ఉన్నాయి. 1739లో చార్లెస్ రాసిన క్రిస్మస్ కీర్తన ‘హార్క్, హౌ ఆల్ ది వెల్కిన్ రింగ్స్’ అని మొదలయ్యేది. ఆకాశమంతా మారుమోగుతున్నది, వినండి అని దాని భావం. 1753లో వెస్లీ సోదరుల తోటి ప్రసంగీకుడు జార్జ్ విట్‌ఫీల్డ్ తన సంకలనంలో దాన్ని దూతలు పాడుతున్నట్టుగా మార్చారు. ఈనాడు లోకమంతా పాడేది విట్‌ఫీల్డ్ మార్చిన ఆ పాదాన్నే. మార్పు తప్పని నేను అనడం లేదు. అయితే ఎవరి మాట ఎవరిదో తెలియకుండా చార్లెస్ ఆలోచనను గురించి తీర్మానాలు చేయకూడదు. 1780లో అచ్చయిన పెద్ద సంకలనానికి రాసిన ముందుమాటలో జాన్ వెస్లీ ఈ విషయాన్నే గట్టిగా ప్రస్తావించారు: తమ కీర్తనలను తిరిగి అచ్చువేసేవారు వేయవచ్చు, కాని ఉన్నవి ఉన్నట్టే వేయాలి, లేదా అసలు పాఠాన్ని పేజీ అంచునైనా చూపాలి. ఆ జాన్ వెస్లీయే అదే సంకలనంలో తమ్ముడి ‘లవ్ డివైన్’ కీర్తన నుండి, పాపం చేసే శక్తినే మాలో నుండి తీసివేయుమని అడిగే రెండవ చరణాన్ని వదిలివేశారు. పరిపూర్ణ పరిశుద్ధత ఈ జీవితంలో ఎప్పుడు, ఎలా కలుగుతుందన్న విషయంలో అన్నదమ్ముల మధ్య సంవత్సరాల తరబడి భేదాభిప్రాయం ఉండేది. కాబట్టి ఒక చరణం కనబడకపోతే, అది ఎందుకు కనబడడం లేదని అడగడం కూడా చదువులో భాగమే.

యాకోబు కీర్తనకు పద్నాలుగు చరణాలు. పద్నాలుగూ ముందు ఉంటేనే మొదలుపెట్టాలి. నేను మొదటిసారి దాన్ని నాలుగు చరణాల సంక్షిప్త రూపంలోనే చదివాను. ప్రశ్న, దాని వెంటనే జవాబు ఉన్న మంచి కీర్తన అనుకున్నాను. ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఒక రాత్రంతా గడుస్తుందని, ఆ రాత్రి గడవడమే ఆ కీర్తన ప్రాణమని పూర్తి పాఠం చూసినప్పుడే తెలిసింది.

ఏ సంవత్సరపు మాట

తరువాత రాసిన కాలాన్ని గుర్తించాలి. తొలి మెథడిస్టు కీర్తనలలో 1738వ సంవత్సరం మే నెల తరచుగా లోపల వినిపిస్తూ ఉంటుంది. ఆ నెల 17న, అనారోగ్యంతో ఉన్న చార్లెస్, గలతీ పత్రికపై జర్మన్ సంస్కర్త లూథర్ రాసిన వ్యాఖ్యానం చదువుతూ, “నన్ను ప్రేమించి, నాకొరకు తన్ను తాను అప్పగించుకొనిన” అనే మాటలోని ఆ ‘నన్ను’ తనకు అనుభవంలోకి రావాలని ప్రార్థించారు. 21న, పెంతెకొస్తు ఆదివారం నాడు, లండన్‌లోని లిటిల్ బ్రిటన్ అనే వీధిలో బ్రే అనే ఇత్తడి పనివాని ఇంట్లో ఉండగా ఆయనకు సమాధానం కలిగింది. 23న ఉదయం తొమ్మిది గంటలకు తన మారుమనస్సును గురించి ఒక కీర్తన మొదలుపెట్టి, అది గర్వానికి దారితీస్తుందేమోనన్న భయంతో మధ్యలో ఆపివేశారు. బ్రే వచ్చి ధైర్యం చెప్పిన తరువాత పూర్తి చేశారు. మరుసటి రోజు, మే 24 రాత్రి, ఆల్డర్స్‌గేట్ వీధిలోని కూటంలో జాన్ హృదయం వింతగా వెచ్చబడింది. పది గంటల వేళకు స్నేహితులు జాన్‌ను చార్లెస్ దగ్గరకు తీసుకువచ్చారు. “నేను నమ్ముచున్నాను” అని జాన్ చెప్పారు. వారందరూ ఆ కీర్తనను పాడి, ప్రార్థన చేసి విడిపోయారు.

ఈ వారం దినాల క్రమం తెలిసినవారికి ఈ కీర్తనలలోని తొందర అర్థమవుతుంది. ఇవి అన్నీ జరిగిపోయిన తరువాత తీరికగా కూర్చుని తలచుకుంటూ రాసినవి కావు, అనుభవం ఇంకా వేడిగా ఉండగానే రాసినవి, మరునాటికే ఇతరుల నోట పాటలైనవి. చార్లెస్ వృద్ధాప్యంలో కూడా చిన్న గుర్రం మీద వస్తూ పొట్టిరాతలో చీటీల మీద పాదాలు రాసుకునేవారనీ, లండన్‌లోని సిటీ రోడ్ ఇంటి దగ్గర గుర్రాన్ని తోటలో వదిలి, “కలం, సిరా!” అని కేకవేస్తూ లోపలికి వచ్చేవారనీ, రాయడం పూర్తయిన తరువాతనే అక్కడ ఉన్నవారిని చూసి ప్రేమగా పలకరించేవారనీ ఆయనను ఎరిగిన హెన్రీ మూర్ రాశారు.

కాలాన్ని గుర్తించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. కీర్తనలోని ‘నేను’ అన్న ప్రతిచోటా చార్లెస్ దినచర్యను వెదకకూడదు. ఆయన గని కార్మికుల కోసం రాశారు, గుంపుల చేత దెబ్బలు తిన్న విశ్వాసుల కోసం రాశారు, మరణశయ్య మీద ఉన్నవారి కోసం రాశారు. అక్కడి ‘నేను’ పాడేవారు నిలబడడానికి ఉంచిన చోటు. అన్నదమ్ములిద్దరి పేరుతో వచ్చిన తొలి పుస్తకాలలో ఏ కీర్తన ఎవరిదో వారు విడిగా చూపలేదు కూడా. జర్మన్ భాష నుండి వచ్చిన అనువాదాలు జాన్‌వనీ, సొంత రచనలలో అత్యధిక భాగం చార్లెస్‌వనీ గుర్తుంచుకుంటే చాలు.

బైబిలును పక్కన తెరిచి పెట్టుకోవడం

అన్నింటికంటే ఎక్కువ సమయం ఇవ్వవలసిన పని ఇది. ఒక కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమవైపు చరణం సంఖ్య, కుడివైపు ఆ చరణంలో వినిపించే వాక్యభాగాలు రాయండి. చార్లెస్ వాక్యాన్ని ఉదహరించరు, వాక్యంతోనే మాట్లాడతారు. అందుచేత ‘ఇది ఎక్కడిదో విన్నట్టుంది’ అనిపించిన ప్రతి మాట దగ్గరా ఆగి, వెదికి, రాసుకోవాలి.

యాకోబు కీర్తనకు మూలం ఆదికాండము 32వ అధ్యాయం. యాకోబు తనవారినందరిని ఏరు దాటించి ఒంటరిగా మిగిలిపోతాడు. ఒక నరుడు తెల్లవారే వరకు అతనితో పెనుగులాడతాడు. అతని తొడగూటిమీద కొడతాడు. “నీవు నన్ను ఆశీర్వదించితేనే గాని నిన్ను పోనియ్యను” అని యాకోబు అంటాడు. ఈ కథను ముందుగా రెండుసార్లు చదవండి. తరువాత కీర్తన ఈ కథను ఎక్కడ అనుసరిస్తున్నదో, అంతకంటే ముఖ్యంగా ఎక్కడ విడిచిపెడుతున్నదో గుర్తించండి. విడిచిపెట్టిన చోటనే కీర్తనకారుడు చెప్పదలచుకున్నది ఉంటుంది.

ఆదికాండములో ఆ నరుడు “నీ పేరేమి?” అని అడుగుతాడు, యాకోబు తన పేరు చెబుతాడు. కీర్తన రెండవ చరణంలో ఇది తలకిందులవుతుంది. నేనెవరినో నీకు చెప్పనక్కరలేదు, నా దుర్దశనూ పాపాన్నీ వివరించనక్కరలేదు, నన్ను పేరు పెట్టి పిలిచినవాడవు నీవే, నీ చేతులు చూసుకో, నా పేరు అక్కడే చదువుకో, అని యాకోబు స్థానంలో నిలిచిన పాపి అంటాడు. “నా యరచేతులమీదనే నిన్ను చెక్కియున్నాను” అనే యెషయా 49:16 ఇక్కడ వినిపిస్తుంది. పెనుగులాడుతున్న చీకటిలో ఆ అపరిచితుని అరచేతుల మాట ఎందుకు వచ్చిందో ఆలోచించండి. చరణం మేకుల గుర్తులను పేరుతో చెప్పదు, చేతులను మాత్రమే చూపుతుంది. మూడవ చరణంలో గాని “నా కొరకు చనిపోయినవాడవు నీవేనా?” అనే ప్రశ్న బయటికి రాదు. ఒక చరణంలో చేతులు, తరువాతి చరణంలో మరణం అనే ఈ క్రమాన్ని కాగితం మీద రాసుకున్నప్పుడు, ఈ కవి ఎంత ఓర్పుతో వెలుగును కొంచెం కొంచెంగా తెస్తున్నాడో కనిపిస్తుంది.

రెండవ తేడా ఇంకా పెద్దది. ఆదికాండములో యాకోబు “నీ పేరు దయచేసి తెలుపుము” అని అడిగితే ఆ నరుడు చెప్పడు. చెప్పకుండానే ఆశీర్వదించి వెళ్లిపోతాడు. కీర్తన ఆ మౌనాన్ని ఒప్పుకోదు. నీ పేరు, నీ స్వభావం తెలిసే వరకు నిన్ను విడువను అనే మాట మూడు, నాలుగు, ఐదు, ఏడు చరణాల చివర పల్లవిలా తిరిగి తిరిగి వస్తుంది. ఎనిమిదవ చరణం చివర ప్రశ్న మారుతుంది: నీ పేరు ప్రేమయేనా, చెప్పు. తొమ్మిదవ చరణం మొదటి మాటే జవాబు: ప్రేమే, ప్రేమే, నీవు నా కొరకు చనిపోతివి. అక్కడి నుండి పద్నాలుగవ చరణం వరకు ప్రతి చరణమూ నీ స్వభావమూ నీ పేరూ ప్రేమయే అనే పాదంతోనే ముగుస్తుంది. అడిగే పల్లవి నాలుగుసార్లు, జవాబు పల్లవి ఆరుసార్లు. లెక్కపెట్టి చూసుకోండి.

తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక చిన్న విషయం పనికివస్తుంది. 1 యోహాను 4:8ను మన బైబిలు “దేవుడు ప్రేమాస్వరూపి” అని అనువదించింది. అది చక్కని మాట. అయితే చార్లెస్ చదివిన ఇంగ్లీషు పాఠంలో దేవుడే ప్రేమ అని ఉంది, స్వరూపమనే మాట లేదు. అందువల్లనే ప్రేమను ఒక పేరుగా పెట్టి పిలవడానికి ఆయనకు వీలు కలిగింది. పేరు చెప్పనివాని పేరు యోహాను పత్రికలో దొరికినట్టు ఆయన రెండు వాక్యాలను కలిపారు.

మిగిలిన వాక్యభాగాలను మీరే వెదికితే మంచిది గనుక కొన్నింటిని మాత్రమే సూచిస్తాను. ఆరవ చరణంలో 2 కొరింథీయులకు 12:10, అంటే “నేనెప్పుడు బలహీనుడనో అప్పుడే బలవంతుడను”. తొమ్మిదవ చరణంలో హృదయంలో వినబడే మెల్లని స్వరం ఏలీయా విన్నది, 1 రాజులు 19:12లో ఉంది. పన్నెండవ చరణంలో ఉదయించే సూర్యుడు ఆదికాండములో యాకోబు పెనుగులాడిన చోటైన పెనూయేలు సూర్యుడు మాత్రమే కాదు, రెక్కలలో ఆరోగ్యం గల నీతిసూర్యుడు, మలాకీ 4:2. చివరి చరణంలో కుంటివాడు దోపుడుసొమ్ము పట్టుకుంటాడు, గంతులు వేస్తాడు. అవి యెషయా 33:23, 35:6. యాకోబు కుంటుతూ వెళ్లిపోయాడన్న చోట కథ ఆగితే, ఆ కుంటితనాన్నే యెషయా వాగ్దానంలోకి తీసుకువెళ్లి కీర్తన గంతులు వేయించింది. గాయం మానలేదు. మానకుండానే సంతోషం వచ్చింది. తొలి మెథడిస్టు ఆత్మీయతలో నాకు అన్నింటికంటే విలువైనదిగా కనిపించేది ఇదే.

‘నన్ను’, ‘అందరిని’

వాక్యభాగాలు పూర్తయిన తరువాత సర్వనామాలను చూడండి. తొమ్మిదవ చరణం ‘నా కొరకు చనిపోతివి’ అని మొదలై, ‘నా పట్ల, అందరి పట్ల’ నీ కనికరం కదులుతున్నదని విస్తరిస్తుంది. ఈ రెండు మాటలు పక్కపక్కన నిలవడం ఆనాడు తేలికైన విషయం కాదు. 1739 ఏప్రిల్‌లో బ్రిస్టల్‌లో జాన్ వెస్లీ ‘ఫ్రీ గ్రేస్’, అంటే ఉచిత కృప, అనే ప్రసంగం చేసి, దేవుడు కొందరినే ఎన్నుకున్నాడనే బోధను ఖండించారు. ఆ ప్రసంగాన్ని అచ్చువేసినప్పుడు దాని చివర చార్లెస్ రాసిన ‘యూనివర్సల్ రిడెంప్షన్’, అంటే సర్వజన విమోచన, అనే కీర్తనను చేర్చారు. ఈ విషయమై విట్‌ఫీల్డ్‌తో వారి స్నేహమే దెబ్బతిన్నది. తరువాత అది మళ్లీ అతుక్కున్నా, బోధలో తేడా మాత్రం పోలేదు. కాబట్టి చార్లెస్ కీర్తనలో ‘అందరు’ అన్న మాట కనబడినప్పుడు దాని కింద గీత గీయండి. అది పాదం నింపడానికి వేసిన మాట కాదు. ‘నన్ను’ అన్న మాట దగ్గర లూథర్ వ్యాఖ్యానాన్ని, ‘అందరు’ అన్న మాట దగ్గర ఉచిత కృప ప్రసంగాన్ని గుర్తుచేసుకుంటే, కీర్తన రెండు కాళ్ల మీద నిలబడినట్టు ఉంటుంది.

పక్కన ఒక ప్రసంగం

ఇంతవరకు వచ్చిన తరువాత అదే విషయంపై జాన్ వెస్లీ ప్రసంగాన్ని ఒకదాన్ని చదవాలి. కీర్తన నిశ్చయతను గురించినదైతే ఆత్మ సాక్ష్యమును గురించిన ప్రసంగాన్ని, విశ్వాసాన్ని గురించినదైతే 1738 జూన్ 11న ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ మేరీ చర్చిలో చేసిన ‘విశ్వాసమూలమైన రక్షణ’ ప్రసంగాన్ని తీసుకోవచ్చు. 1746లో ప్రసంగాల సంపుటికి రాసిన ముందుమాటలో, సాధారణ ప్రజలకు సాదా సత్యాన్ని చెప్పడమే తన ఉద్దేశమని ఆయన ప్రకటించారు. పండితుల తర్కాన్ని, అర్థంకాని పదాలను కావాలనే విడిచిపెట్టానని చెప్పారు. ఆ నిర్ణయం వెనుక బయలులో చేసిన ప్రసంగాలు ఉన్నాయి. 1739 ఫిబ్రవరిలో విట్‌ఫీల్డ్ బ్రిస్టల్ దగ్గరి కింగ్స్‌వుడ్‌లో బొగ్గుగని కార్మికులకు ఆరుబయట ప్రసంగించడం మొదలుపెట్టారు. బొగ్గుతో నల్లబడిన వారి చెంపల మీద కన్నీళ్లు కారి తెల్లని చాళ్లు ఏర్పడడం చూశానని ఆయన రాశారు. చర్చి గోడల వెలుపల ప్రసంగించడం అమర్యాద అని అప్పటివరకు భావించిన జాన్, ఆ ఏప్రిల్ 2న సాయంకాలం నాలుగు గంటలకు తన బిడియాన్ని పక్కనపెట్టి, బ్రిస్టల్ శివార్లలో సుమారు మూడువేల మంది ఎదుట నిలబడి లూకా 4:18 తీసుకుని మాట్లాడారు.

ప్రసంగాన్ని చదివేటప్పుడు ఒక్క ప్రశ్న చాలు: ఈ ప్రసంగం వాదించి నిరూపించిన దాన్ని కీర్తన ఎలా పలికించింది? జాన్ ఒక మాటను నిర్వచించి, ఆక్షేపణలకు జవాబు చెప్పి, చివర వినేవారిని నేరుగా ‘నీవు’ అని సంబోధిస్తారు. చార్లెస్ ఆ ‘నీవు’ను పాడేవారి నోట ‘నేను’గా మార్చి పెడతారు. ప్రసంగం విన్నవాడు జవాబు చెప్పడానికి మాటలు లేక నిలబడితే, కీర్తన అతనికి మాటలు అందించింది. తన బోధకులకు జాన్ ఇచ్చిన సూచనలు కూడా కీర్తనలను అర్థం చేసుకోవడానికి సహాయపడతాయి: సమయానికి మొదలుపెట్టి సమయానికి ముగించండి, వినేవారికి తగిన విషయం ఎన్నుకోండి, సులభమైన వాక్యభాగం తీసుకోండి, దాన్ని వదిలి తిరగకండి. 1775లో ఒక బోధకునికి రాసిన ఉత్తరంలో, ఇక అరవడం మానుకొమ్మని, తాను తరచుగా బిగ్గరగా, ఆవేశంగా మాట్లాడినా ఎన్నడూ అరవలేదని గట్టిగా హెచ్చరించారు. ఆవేశానికీ అరుపుకూ గల ఈ తేడా యాకోబు కీర్తనలో స్పష్టంగా ఉంది. అంతటి పెనుగులాటలోనూ జవాబు వచ్చింది మెల్లని స్వరంలోనే.

నోటితో పాడడం

కాగితం మీద పని ముగిసిన తరువాత కీర్తనను పైకి చదవాలి, తరువాత పాడాలి. ఇంగ్లీషు ఛందస్సు మన గురులఘువుల మీద కాక, అక్షరాల సంఖ్య మీద, ఊనిక మీద నడుస్తుంది. యాకోబు కీర్తనలో చరణానికి ఆరు పాదాలు, పాదానికి ఎనిమిది అక్షరాలు. మొదటి నాలుగు పాదాలకు ఒకటి విడిచి ఒకటిగా ప్రాస కలుస్తుంది, చివరి రెండు పాదాలు జంటగా కలుస్తాయి. ఆ చివరి జంట పాదాలలోనే పల్లవి వంటి మాటలు కూర్చుంటాయి కాబట్టి, వాదన నాలుగు పాదాలలో నడిచి, పట్టు రెండు పాదాలలో బిగుస్తుంది. వాట్స్ ఎక్కువగా మూడు ఛందస్సులతోనే పని నడిపించగా, చార్లెస్ భావానికి తగిన నడక కోసం ఎన్నో రకాల ఛందస్సులను వాడారు.

పాడే పద్ధతిని గురించి 1761లో రాగాలతో కూడిన పుస్తకానికి జాన్ ఏడు సూచనలు చేర్చారు. మొదట ఈ రాగాలను నేర్చుకోండి, అచ్చయినట్టే పాడండి, అందరూ పాడండి, సగం చచ్చినవారిలా గాక ధైర్యంగా పాడండి, ఇతరుల గొంతులను మింగివేయకుండా వినయంగా పాడండి, తాళం తప్పకండి అని చెప్పి, అన్నిటికంటే పైగా ఆత్మతో, ప్రతి మాటలోనూ దేవుని వైపు చూస్తూ పాడండి అన్నారు. పుస్తకం లేనివారు, చదువు రానివారు పాడగలిగేలా నాయకుడు రెండేసి పాదాలు చదివి వినిపించే అలవాటు ఉండేది. మీరు కూడా ఇద్దరు ముగ్గురు కలిసి అలా చేసి చూడండి. రెండు పాదాలు విని, ఆగి, పాడినప్పుడు, మాట మనసులో దిగడానికి వ్యవధి దొరుకుతుంది. చార్లెస్ మరణించిన రెండు వారాలకు, బోల్టన్‌లో జాన్ ఈ యాకోబు కీర్తననే ఇలా చదివి పాడిస్తూ, “నాతో ఉన్నవారు ముందే వెళ్లిపోయిరి, నేను నీతో ఒంటరిగా మిగిలితిని” అనే అర్థం గల పాదాల దగ్గర మాట పెగలక, వేదిక మీదనే కూర్చుని ముఖం కప్పుకుని ఏడ్చారని ఆయన జీవితచరిత్రలో చెబుతారు. అప్పటికి ఆయనకు ఎనభై నాలుగేళ్లు.

కూటంలోకి తీసుకువెళ్లడం

కీర్తన చివరికి చేరవలసిన చోటు క్లాసు కూటం. 1742లో బ్రిస్టల్‌లోని న్యూ రూమ్ అనే ప్రార్థనా మందిరం మీది అప్పు తీర్చడానికి, ప్రతి సభ్యుడు వారానికి ఒక పెన్నీ ఇవ్వాలని కెప్టెన్ ఫోయ్ అనే సభ్యుడు ప్రతిపాదించారు. బీదవారు ఇవ్వలేరని ఎవరో అంటే, వారిలో అతి బీదలైన పదకొండు మందిని నాకు అప్పగించండి, ఇవ్వలేనివారి బదులు నేనే ఇస్తాను అన్నారు. అలా పన్నెండేసి మంది గుంపులు ఏర్పడ్డాయి. డబ్బు వసూలుకు ఇంటింటికి వెళ్లిన నాయకులకు సభ్యుల జీవితాల లోగుట్టు తెలియడంతో, అప్పు కోసం పుట్టిన ఏర్పాటు ఆత్మల కాపుదలగా మారింది. 1743లో వచ్చిన సాధారణ నియమాలు మూడు మాటలలో ఉన్నాయి: కీడు చేయకుండుట, మేలు చేయుట, దేవుడు నియమించిన కృపా సాధనములను ఆచరించుట. ప్రార్థన, వాక్య పఠనం, ప్రభురాత్రి భోజనం, ఉపవాసం ఆ సాధనాలు. ప్రభురాత్రి భోజనంపైనే అన్నదమ్ములు 1745లో 166 కీర్తనలు అచ్చువేశారు. మెథడిస్టు ఆత్మీయత అంటే పొలాలలో ప్రసంగాలు మాత్రమే అనుకునేవారు ఆ పుస్తకాన్ని తప్పక చూడాలి.

మీరు నలుగురైదుగురు కలిసి కూర్చున్నప్పుడు కీర్తన అర్థాన్ని చర్చించడం దగ్గర ఆగిపోకండి. 1780 సంకలనంలోని 525 కీర్తనలను జాన్ పండుగల వరుసలో కాక, విశ్వాసి అనుభవాల వరుసలో అమర్చి, అనుభవానికీ ఆచరణకూ సంబంధించిన దైవశాస్త్రపు చిన్న సంపుటి అని దానిని పిలిచారు. పాపులను పిలిచేవి, పశ్చాత్తాపం కోసం వేడుకునేవి, వెనుకకు జారి తిరిగి వచ్చినవారివి, సంతోషించే విశ్వాసులవి, పోరాడేవారివి, మెలకువగా ఉండేవారివి, శ్రమపడేవారివి, లోకం కోసం విజ్ఞాపన చేసేవారివి, చివర కూడుకున్నప్పుడు, విడిపోయేటప్పుడు పాడేవి అందులో ఉన్నాయి. అందుచేత ఒక్కొక్కరూ అడగవలసిన ప్రశ్న, ఈ కీర్తనలో నేను ఏ చరణం దగ్గర ఉన్నాను అన్నదే. యాకోబు కీర్తనతో ఇది బాగా పనిచేస్తుంది. ఒకరు ఇంకా మూడవ చరణంలో పేరు అడుగుతూ ఉండవచ్చు. ఒకరు ఏడవ చరణంలో బలమంతా ఉడిగి ఉండవచ్చు. తొమ్మిదవ చరణానికి చేరినవారు చేరనివారిని తొందరపెట్టకూడదు, వారితో కూడా ఆ రాత్రి మేలుకుని ఉండాలి. ఎవరైనా చెప్పడానికి ఇష్టపడకపోతే బలవంతం చేయవద్దు. చెప్పినదాన్ని కూటం వెలుపలికి తీసుకుపోవద్దు.

ఇలా ఒక కీర్తనకు రెండు వారాలు పడుతుంది, పట్టనివ్వండి. తరువాత 1739లో అచ్చయిన ‘అండ్ కెన్ ఇట్ బీ’ తీసుకోవచ్చు. దానికి అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయంలో పేతురు చెరసాల, రోమీయులకు 8:1, ఫిలిప్పీయులకు 2:7 పక్కన ఉంటే చాలు. పెద్ద కీర్తనలకు సమయం లేని రోజులలో 1762 నాటి చిన్న కీర్తనల సంపుటాలు ఉన్నాయి. అనారోగ్యం వల్ల ప్రసంగ పరిచర్య చేయలేని స్థితిలో చార్లెస్ బైబిలు వరుసలో రాసిన 2,030 కీర్తనలు అవి. వాటిలో బలిపీఠం మీద అగ్ని ఆరిపోకూడదన్న లేవీయకాండము 6:13పై రాసిన చిన్న కీర్తనతో మొదలుపెట్టండి. అందులో, ఆ మంట నీ మహిమ కొరకు ఆరని జ్వాలగా మండనిమ్ము అని అడిగే పాదం ఉంది. ఎనిమిది అక్షరాల ఆ పాదంలో ‘విత్’ అనే ఒక అక్షరం ముందు, ‘బ్లేజ్’ అనే ఒక అక్షరం వెనుక నిలుస్తాయి. మధ్యనున్న ఆరు అక్షరాలనూ ‘ఇనెక్స్‌టింగ్విషబుల్’ అనే ఒకే మాట ఆక్రమిస్తుంది. పాడేటప్పుడు ఆ మాట మధ్యలో ఊపిరి తీసుకోకండి.